ఈవిడ మీలో ఎవరికైనా తెలుసా?

ఇన్‌వుడ్, న్యూయార్క్
నవంబరు

ఎర్సిలియా అక్కకు,

నీ చెవులు ఫోను మీద అలిగి ఏడాది దాటింది కాబట్టి మళ్ళీ కాగితం పట్టాను. ఒకందుకు ఇది నాకు మేలే. ఫోనులో అయితే "అసలు సంగతి చెప్పరా" అని అడ్డు తగిలేదానివి. ఉత్తరానికి అడ్డు తగలలేవు.

అసలు సంగతే చెప్తున్నాను. మా బిల్డింగు రెండో అంతస్తులో స్టూడియో అమ్మకానికి వచ్చింది. ఫెన్ ముసలాయన చలికి తట్టుకోలేక ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. గది ఒకటే. మంచం అందులోనే, పొయ్యి అందులోనే. కిటికీ దగ్గర మెడ కాస్త వంచితే పార్కు చెట్లు కనిపిస్తాయి. ఫెన్ అలా వంచీ వంచీ చివరికి వైద్యుడి దగ్గరికి వెళ్ళాడు, కానీ అది వేరే కథ.

నెలిదాకి కబురు చేశాను. నువ్వు జ్ఞానస్నానపు తల్లిగా నిలబడి చేతుల మీద ఎత్తుకున్న పిల్ల కదా, నీకు చెప్పకుండా ఉంటానా. లిండ్‌క్విస్ట్ అమ్మగారు పోయాక ఆవిడ వారసులు నెలిదాని శీతాకాలంలోగా ఇల్లు ఖాళీ చేయమన్నారట. అన్నేళ్ళు ఆ ముసలావిడ పక్క గదిలో పడుకుని, దగ్గితే లేచి, పిలిస్తే పరిగెత్తిన మనిషికి ఈ మహానగరంలో తనదంటూ ఒక తాళంచెవి లేదు. అద్దె లేకుండా అక్కడే ఉంది కాబట్టి జీతం దాచుకుంది. ఆ దాచుకున్నది ఈ గదికి సరిపోతుంది, ఇంకెక్కడా సరిపోదు.

మా బిల్డింగు సంగతి నీకు తెలుసు. ఓనరు మమ్మల్ని చలికి వదిలేసి పారిపోతే మేమే బాయిలర్ బిగించుకుని, చివరికి దాన్ని స్వాధీనం చేసుకున్న నగరపాలక సంస్థ దగ్గర నామమాత్రపు ధరకి కొనుక్కున్నాం. అందుకే షరతు పెట్టారు: ఇక్కడ కొనేవాళ్ళకి పెద్ద సంపాదన ఉండకూడదు, కొన్నవాళ్ళే కాపురం ఉండాలి. డబ్బున్న తండ్రులు ఎవరో బీద బంధువుని ముందు నిలబెట్టి, కొడుకుల కోసం కొనేయాలని చూస్తారు. దాంతో మా కమిటీకి అనుమానం ఎక్కువ. ప్రతివాళ్ళనీ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడుతుంది. కాదంటే కారణం చెప్పదు.

కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి నువ్వు దిగులుపడకు. ఒక నియమం మాత్రం ఉంది. కొనేవాళ్ళు సభ్యుల్లో ఎవరికైనా తెలిసినవాళ్ళైతే, ఆ సభ్యుడు ముందే ఆ మాట చెప్పి గది బయటికి వెళ్ళిపోవాలి. ఓటు వేయకూడదు. అది ఎలా సర్దాలో చూద్దాంలే.

నీ తమ్ముడు,
ఔరేలియో

*

లారెన్స్, మసాచుసెట్స్
డిసెంబరు

ఒరేయ్ ఔరేలియో,

ఫెన్ మెడ గురించి నాకెందుకురా. ఆ గది దాకా చదవడానికి నాకు రెండుసార్లు కాఫీ కాచుకోవలసి వచ్చింది.

నెలిదా రాసింది. ఇంటర్వ్యూ జనవరిలోనట. పిచ్చిది, ఏం కట్టుకోవాలి పెద్దమ్మా అని అడిగింది. లిండ్‌క్విస్ట్ అమ్మగారు పోతూ పోతూ తనకిచ్చిన బొచ్చు కోటు ఉంది కదా, అది వేసుకోమని రాశాను. దిక్కులేనిదానిలా కనిపిస్తే ఎవరు ఇస్తారు ఇల్లు? అది వేసుకుంటే గవర్నరు భార్యలా ఉంటుంది.

నియమం ఉంటే పాటించు. సర్దడాలు వద్దు. నువ్వు సర్దినవన్నీ చిన్నప్పట్నుంచీ నేను మళ్ళీ సర్దుతూనే ఉన్నాను.

నా కళ్ళలో శుక్లాలు తీయాలట. చెవులు పోయాక కళ్ళు. ముక్కు ఒక్కటి మిగిలితే చాలు, కూర మాడకుండా చూసుకుంటాను.

అక్క

*

ఇన్‌వుడ్
జనవరి నెలాఖరు

అక్కా,

ఇక్కడ మంచు ఎంత కురిసిందంటే మా వీధిలో పార్కు చేసిన కార్లన్నీ సమాధుల్లా ఉన్నాయి. నాతో పాటు కమిటీలో ఉండే ఇపోలీత్ తన టాక్సీని వెతుక్కుంటూ వేరేవాడి కారు మీద మంచంతా గీకేశాడు. హైతీలో పుట్టినవాడికి మంచు కింద ఏ కారు ఏదో ఎలా తెలుస్తుంది పాపం. ఆ కారువాడు బయటికొచ్చి కృతజ్ఞతలు కూడా చెప్పాడు.

బాయిలర్ మళ్ళీ మొరాయించింది. దాని గురించి తీరిగ్గా రాస్తాను.

నెలిదా ఇంటర్వ్యూ అయింది. అనుకున్నట్టు జరగలేదు. కమిటీ కాదంది. నేను శాయశక్తులా వాదించాను అక్కా. ఈవిడ నిజాయితీ గల మనిషి, కష్టపడి దాచుకున్న డబ్బు, ఇలాంటివాళ్ళకి కాకపోతే ఈ బిల్డింగు ఎవరికి అని గట్టిగానే అడిగాను. ఇపోలీత్‌తో మాటామాటా పెరిగింది. కానీ నేనొక్కణ్ని, వాళ్ళు ముగ్గురు. అధ్యక్షురాలు స్కలీ అమ్మగారు ఒకసారి పెదవులు బిగించిందంటే క్రేను తెచ్చినా తెరవలేం.

నెలిదా ఏమంటోంది? నాకేమీ రాయలేదు. నేను ఫోను చేద్దామనుకున్నాను, బాయిలర్ పనిలో పడి కుదర్లేదు.

కళ్ళు జాగ్రత్త.

ఔరేలియో

*

లారెన్స్
ఫిబ్రవరి

ప్రియమైన తమ్ముడికి,

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని ఆశ్చర్యపోకు. కళ్ళకు ఆపరేషన్ అయింది. రెండింటికీ కట్టు కట్టారు. నేను చెప్తుంటే నెలిదా రాస్తోంది. వారసులు తాళాలు మార్చేశారు కాబట్టి తను బస్సెక్కి నా దగ్గరికి వచ్చేసింది. నా సోఫా మీద పడుకుంటోంది. అది పడుకునేంత సోఫా కూడా కాదు, కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుంటుంది.

నీ ఉత్తరం నెలిదాయే చదివి వినిపించింది. నా మంచి చెవి దగ్గర కూర్చుని, ఒక్క మాట తడబడకుండా చదివింది. మంచు, టాక్సీ, బాయిలర్ అన్నీ. నువ్వు కమిటీతో వాదించిన చోటు నాకు ఎంత నచ్చిందంటే, ఇంకోసారి చదవమన్నాను. చదివింది. ఆదివారం చర్చి నుంచి నా స్నేహితురాళ్ళు వస్తే వాళ్ళకీ చదివించాను. "మా తమ్ముడు చూశారా, అందరూ ఒకటైనా ఒక్కడే నిలబడ్డాడు" అని చెప్పుకున్నాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుందట. నేను చూడలేదనుకో, నెలిదా చెప్పింది.

ఇల్లు రాకపోతే రాకపోయింది. నీ నోటి మీద ఇన్నేళ్ళు ఎన్ని మాటలన్నాను. ఆ నోరు ఒక మంచి పనికి తెరుచుకుంది. అది చాలు నాకు.

నెలిదా, నువ్వేమైనా రాస్తావా అంటే, నేను రాసేదేముంది పెద్దమ్మా అంటోంది.

నీ అక్క
(రాసింది నెలిదా)

*

ఇన్‌వుడ్
ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం చదివి అన్నం ముట్టలేదు.

ఇది నీకు చదివి వినిపిస్తున్నది నెలిదా అని తెలుసు. ఏ మాట రాసినా అది ఆ పిల్ల నోటి మీదుగా నీ చెవిలో పడుతుంది. అందుకే చాలాసార్లు మొదలుపెట్టి చించేశాను. మంచు, టాక్సీ, బాయిలర్ అంటూ తప్పించుకునే దారులు వెతికాను. లేవు. చెప్పేస్తాను.

నేను వాదించలేదు. నెలిదా తరఫున ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు.

నెలిదా గదిలోకి వచ్చి కూర్చోగానే స్కలీ అమ్మగారు ఎప్పటిలాగే మమ్మల్ని అడిగింది. "ఈవిడ మీలో ఎవరికైనా తెలుసా?" తెలుసంటే నేను బయటికి వెళ్ళిపోవాలి. నా ఓటు పోతుంది. లోపల ఉంటేనే నెలిదాకి మేలు చేయగలననుకున్నాను. ఇంకెవరూ నోరు తెరవకముందే నేనే అన్నాను: "నేనెప్పుడూ చూడలేదు."

నెలిదా నా వైపు చూసింది. ఈ ఎత్తు గురించి నేను ముందుగా చెప్పనైనా లేదు. స్కలీ అమ్మగారు ఆవిణ్నీ అడిగింది, ఇక్కడ మీకెవరైనా తెలుసా అని. నెలిదా లేదండీ అంది. ఆ తర్వాత నేనొక ప్రశ్న అడిగితే, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నన్ను "సార్" అంటూ జవాబు చెప్పింది.

మర్యాదగానే మాట్లాడి పంపించారు. తలుపు మూసుకోగానే ఇపోలీత్ కోటు గురించి ఎత్తాడు. ముసలివాళ్ళకి సేవ చేసే మనిషికి అలాంటి కోటు ఎక్కడిది, వెనకాల ఎవడో డబ్బున్నవాడు ఉన్నాడు, ఈవిడ ముసుగు మాత్రమే అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. ఒక్క మాట చాలు అక్కా. "ఆ కోటు చచ్చిపోయిన ముసలావిడ ఇచ్చింది" అంటే చాలు. కానీ అది నాకెలా తెలుసని అడుగుతారు. ఎప్పుడూ చూడలేదన్నవాణ్ని. చేతులెత్తమన్నప్పుడు నెలిదా వైపు ఎత్తానా అంటే, అదీ లేదు. ఒక్కణ్నే ఎత్తితే అనుమానం వస్తుందని కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

నలభై ఏళ్ళు గొప్పవాళ్ళ బిల్డింగు తలుపు దగ్గర నిలబడి బతికాను. మనుషుల్ని గుర్తుపట్టడమే నా ఉద్యోగం. ఎవరి కుక్కకి ఏ పేరో కూడా తెలిసేది. అలాంటివాణ్ని, మన ఇంటి పిల్లని ఎరగనన్నాను.

నెలిదా, ఆ అబద్ధపు ఉత్తరం నీచేత మూడుసార్లు చదివించుకున్నారని తెలిశాక నీ పేరు రాయడానికి కూడా ముఖం చెల్లడం లేదు.

ఫెన్ గది ఇంకా అమ్ముడుపోలేదు. స్కలీ అమ్మగారికి చెప్పాలని రెండుసార్లు ఆవిడ తలుపు దాకా వెళ్ళాను. మంచి సమయం చూసి చెప్తాను.

ఔరేలియో

*

లారెన్స్
మార్చి

ఔరేలియో,

కట్టు విప్పారు. ఈ కోడి కెలికినట్టున్న రాత నాదే.

కళ్ళు వచ్చాక మొదట చేసిన పని నీ ఉత్తరాల కట్ట ముందేసుకుని కూర్చోవడం. పోయిన నెల నువ్వు రాసిన ఉత్తరం విప్పాను. అది నాకు వినిపించిన ఉత్తరం కాదు.

నాకు నెలిదా వినిపించిన దాంట్లో నువ్వు బాయిలర్ గురించి రాశావు. అది చచ్చిపోయిందని అందరూ దాని చుట్టూ టోపీలు తీసి నిలబడితే, గట్టిగా తుమ్మి లేచిందట. ఇపోలీత్ దానికి హైతీ పాట పాడాడట. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. "వీడికి ఎంత వయసొచ్చినా ఈ వాగుడు పోదు" అన్నాను. నెలిదా కూడా నవ్వింది. కాగితం చేత్తో పట్టుకుని, లేని ఉత్తరాన్ని అచ్చం నీలాగే చదివింది. అసలు ఉత్తరం ఎదురుగా పెట్టుకుని.

ఎందుకే అని అడిగాను. వంటింట్లో ఎర్రచిక్కుడు పాయసం కలుపుతోంది, ఈస్టర్ ముందు తపస్సు కాలం కదా. గరిటె ఆపకుండానే చెప్పింది: "కళ్ళకి కట్టుతో ఏడవకూడదని డాక్టరు చెప్పాడు పెద్దమ్మా."

నా తప్పు కూడా ఉంది. ఆ కోటు నేనే వేసుకోమన్నాను. నిన్న చర్చికి పోయి, ఆ స్నేహితురాళ్ళ ముందు నిలబడి, మా తమ్ముడు వాదించలేదమ్మా అని చెప్పాను. అప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకు కనపడలేదు గానీ వాళ్ళ ముఖాలు కనిపించాయి. ఇన్నాళ్ళూ కళ్ళు లేకపోవడమే బాగుంది అనిపించింది.

నువ్వు నాకు రాస్తే ఏం లాభంరా? ఆ గదిలో నేనున్నానా? నెలిదా కాళ్ళు ఇంకా కుర్చీ మీదే ఉన్నాయి. ఆ అబద్ధం ఎక్కడ చెప్పావో అక్కడికి పోయి చెప్పు. మంచి సమయం అంటున్నావు. ఎవరికి మంచి?

అది చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

ఎర్సిలియా

*

ఇన్‌వుడ్
ఏప్రిల్

అక్కా,

చెప్పాను. అందుకే రాస్తున్నాను.

ఏడాదికోసారి బిల్డింగు వాళ్ళందరం నేలమాళిగలో, బట్టలుతికే మిషన్ల మధ్య మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. పైకప్పు మరమ్మతులు, చెత్త డబ్బాలు, ఎలుకలు అన్నీ అయ్యాయి. ఇంకెవరైనా మాట్లాడతారా అని స్కలీ అమ్మగారు అడిగింది. లేచాను. నేను లేస్తే జనం మూలుగుతారు, బాయిలర్ చరిత్ర మొదలుపెడతానని. ఆ రోజూ మూలిగారు. వెనకాల ఎవరో డ్రయ్యర్‌లో బట్టలు వేసుకోవడానికి కూడా లేచారు.

నీకు రాసినట్టే చెప్పాను. పిట్టకథ లేదు. ఆవిడ ఎవరో చెప్పాను, కోటు ఎక్కడిదో చెప్పాను, నేనేమన్నానో చెప్పాను. మూలుగులు ఆగిపోయాయి. డ్రయ్యర్ ఒక్కటే తిరుగుతోంది.

స్కలీ అమ్మగారు నన్ను తిడుతుందనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయింది. ఆవిడా నేనూ బాయిలర్ కోసం బకెట్లు మోసిన కాలం నుంచీ ఒకరికొకరం తెలుసు. తిట్టి ఉంటే బాగుండేది.

మాట్లాడింది ఇపోలీత్. కుర్చీలోంచి లేవలేదు, గొంతు పెంచలేదు.

"మేం కోటు చూసి కాదన్నాం ఔరేలియో. మాకు మనిషి తెలియదు. నువ్వు మనిషి తెలిసీ కాదన్నావు."

కమిటీ నుంచి తప్పుకుంటున్నానని చెప్పి కూర్చున్నాను. నా పక్క కుర్చీలో ఉన్నావిడ తన సంచీ తీసుకుని ఇంకో వరసలోకి వెళ్ళింది. సంచీ కింద పెట్టుకోవడానికి చోటు కోసమే వెళ్ళిందేమో. అలా అనుకుంటున్నాను.

నెలిదాని మళ్ళీ పిలుస్తారట. కానీ ఇస్తారని చెప్పలేను. ఆవిడ కూడా తెలియదంది కదా, ఆవిడ మాట మాత్రం ఎలా నమ్మడం అని కొందరు గొణుగుతున్నారు. నా వల్ల ఆ పిల్ల మీద ఆ మచ్చ కూడా పడింది.

ఔరేలియో

*

లారెన్స్
మే

తమ్ముడూ,

వచ్చింది. గది నెలిదాకి వచ్చింది.

కబురు ఇంటర్వ్యూ అయిన మర్నాడు తెలిసింది. తను బస్సులో వెళ్ళి బస్సులో వచ్చింది. మోకాలి దగ్గర అతుకు వేసిన పాంటు, రోజూ వేసుకునే స్వెట్టరు. మంచి బట్టలు వేసుకోమని నేను చెప్పలేదు. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పదలుచుకోలేదు.

ఏమడిగారే అంటే మొదట చెప్పలేదు. నీకు తెలుసు కదా దాని సంగతి. పడుకోబోయే ముందు చెప్పింది. ఆ స్కలీ అనే ఆవిడ నీ పేరు చెప్పి, ఆయన మీకు తెలుసా అని అడిగిందట.

"తెలుసనే అనుకున్నానండీ" అందట నెలిదా.

మరి ఆ రోజు మీరెందుకు తెలియదన్నారు అని టాక్సీ ఆయన అడిగాడట. "ఆయన లేదన్నాక నేను అవునంటే, ఆయన ఈ బిల్డింగు మెట్లు తలెత్తుకుని ఎక్కలేడు కదా. నేను గది కోసం వచ్చాను. ఒకళ్ళ తల దించడానికి రాలేదు" అందట.

ఇది నీకు చెప్పమని తను అనలేదు. వద్దనీ అనలేదు. నేనే రాస్తున్నాను.

సామాను పెద్దగా లేదు. కోటు చర్చిలో ఇచ్చేసింది. జూన్‌లో వస్తుంది. స్టేషన్‌కి వస్తావా అని అడగడం లేదు నిన్ను. రావాలో వద్దో నువ్వే తేల్చుకో.

అక్క

*

ఇన్‌వుడ్
జూలై

అక్కా,

స్టేషన్‌కి వెళ్ళలేదు. వెళ్ళానని రాద్దామని కలం పట్టుకుని, మానేశాను.

నెలిదా వచ్చి నెల కావస్తోంది. ఇపోలీత్ తన టాక్సీలో సామాను తెచ్చిపెట్టాడు. మీటరు వేయలేదట. నేను ఆ పూటంతా లైబ్రరీలో కూర్చుని, సముద్రపు తాబేళ్ళ గురించి ఒక పుస్తకం చదివాను. ఒక్క ముక్క గుర్తు లేదు. ఆ తర్వాత లిఫ్ట్ ఎక్కడం మానేశాను. అది రెండో అంతస్తులో ఆగుతుందేమోనని భయం. నాలుగు అంతస్తులూ వెనక మెట్ల మీదుగా ఎక్కుతున్నాను. ఒంటికి మంచిదని అడిగినవాళ్ళకి చెప్తున్నాను. ఎంత సులువుగా వస్తుందో చూడు అబద్ధం.

నిన్న మధ్యాహ్నం ఆ వెనక మెట్ల మీదే ఆయాసం వచ్చి రెండో అంతస్తులో నిలబడిపోయాను. నెలిదా గుమ్మం ఎదురుగా ఉంది. లోపల రేడియో పాడుతోంది. తట్టాను.

"ఎవరు?" అంది లోపల్నుంచి.

అక్కా, ఆ ఒక్క మాటకి నా దగ్గర ఎన్ని జవాబులుండాలి. మామయ్యనని చెప్పాలా? ఆ మాటకి హక్కు ఎక్కడుంది? పక్కింటివాణ్ననాలా? కమిటీవాణ్నన్నా కాదు ఇప్పుడు. రేడియో ఆగింది.

"ఔరేలియోని" అన్నాను. "నిన్ను ఎరగనని చెప్పినవాణ్ని."

వెళ్ళిపోదామని ఒక మెట్టు దిగాను. అప్పుడు గొలుసు తీసిన చప్పుడైంది.

తలుపు బార్లా తీసి పక్కకి జరిగింది. నవ్వలేదు. కోపంగానూ లేదు. పొద్దున్నుంచి పని చేసి అలసిపోయిన మనిషి ముఖం. గదంతా ఒక్క చూపులో అయిపోయింది. మంచం, పొయ్యి, కిటికీ, ఒక బల్ల, ఒకే ఒక కుర్చీ. ఆ కుర్చీ నా వైపు జరిపి తను మంచం అంచున కూర్చుంది.

నేను కూర్చోలేకపోయాను. టోపీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"కూర్చోండి" అంది.

నేను కదల్లేదు.

"ఇంట్లో ఇంకో కుర్చీ లేదు మామయ్యా. కూర్చోండి" అంది మళ్ళీ.

కూర్చున్నాను.

ఔరేలియో